ఇంట్లో స్టూడియో మానిటర్లు ఎలా బిగించుకోవాలి: 10×12 గదికి కొలతలతో సహా

"ఇంట్లో మిక్స్ చేసినప్పుడు బాస్ చక్కగా ఉంది, కారులో పెడితే గుభగుభలాడుతోంది. ఇంకా మంచి మానిటర్లు ఏవి కొనాలి?" కీబోర్డు ప్లేయర్లు, కవర్ సాంగ్స్ పాడేవాళ్లు, షార్ట్ ఫిల్మ్‌లకు సౌండ్ చేసే కుర్రాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇదే. మానిటర్లంటే ఇక్కడ కంప్యూటర్ తెరలు కావు, రికార్డింగ్ పనిలో వినడానికి వాడే స్పీకర్లు. మిక్స్ చేయడమంటే విడివిడిగా రికార్డ్ చేసిన గొంతు, వాద్యాలను సరైన పాళ్లలో కలపడం. గది ఫొటో పంపమంటే పంపుతారు. ఒక మానిటర్ కిటికీ గట్టు మీద, రెండోది టేబుల్ మీద ప్రింటర్ పక్కన ఉంటుంది. లేదంటే రెండూ గోడ మూలల్లోకి తోసేసి ఉంటాయి. ఆ గదిలో లక్ష రూపాయల మానిటర్లు పెట్టినా మళ్లీ ఇదే ప్రశ్న వస్తుంది. కొత్తవి కొనే ముందు ఉన్నవాటిని సరిగ్గా బిగించుకోండి. ఒక ఆదివారం, ఒక కొలత టేపు, కాస్త ఓపిక ఉంటే అయిపోయే పని.

లెక్క స్పష్టంగా ఉండాలని ఒక గదిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. వెడల్పు 10 అడుగులు (305 సెం.మీ.), పొడవు 12 అడుగులు (366 సెం.మీ.), సీలింగ్ ఎత్తు 10 అడుగులు. కింద టైల్స్, చుట్టూ సిమెంటు గోడలు, ఒక కిటికీ, ఒక బీరువా. మన అపార్ట్‌మెంట్లలో రెండో బెడ్‌రూమ్ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మానిటర్లు 5 అంగుళాల ఊఫర్ (బాస్ వినిపించే పెద్ద స్పీకర్) ఉన్న పవర్డ్ మానిటర్లు, అంటే యాంప్ లోపలే ఉండేవి. మీ గది కొలతలు వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

ఇంత గదికి 8 అంగుళాలవి వద్దని నా గట్టి అభిప్రాయం. ఆ ఊఫర్ ఇచ్చే లోతైన బాస్‌ను 10 అడుగుల గది మోయలేదు. డబ్బు మిగిల్చి స్టాండ్లకు, గోడల మీద శబ్దం పీల్చే ప్యానెళ్లకు పెట్టండి.

కావలసినవి

కొలత టేపు, రసమట్టం, మాస్కింగ్ టేపు, నాలుగైదు మీటర్ల పురికొస. రెండు బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు, అంటే దారిలో రొద చేరకుండా ఆపే రకం. మీ ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ శబ్దాన్ని మానిటర్లకు పంపే పెట్టె), మానిటర్ సాకెట్లను బట్టి టీఆర్ఎస్ (మూడు భాగాల జాక్) లేదా ఎక్స్‌ఎల్ఆర్ (మూడు పిన్నుల గుండ్రటి ప్లగ్). ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు, స్పైక్ గార్డ్ ఉన్నదైతే మేలు. స్టాండ్లు, లేదా టేబుల్ మీద పెట్టేట్టయితే మందపాటి ఫోమ్ ప్యాడ్లు. ఒక చేతి అద్దం. ఫోన్‌లో సౌండ్ లెవెల్ మీటర్ యాప్. అద్దం పట్టుకోవడానికి, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి.

1. ముందు కరెంటు సంగతి తేల్చుకోండి

మానిటర్ వెనక లేబుల్ చదవండి. మన ఇళ్లలో సప్లై 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ కొన్నవైతే దీనికి సరిపడే వస్తాయి. అమెరికాలో ఉన్న అన్నయ్యో అక్కో సూట్‌కేసులో తెచ్చినవైతే మాత్రం లేబుల్ చూడకుండా ప్లగ్ పెట్టకండి. మూడు రకాలుగా ఉండొచ్చు:

లేబుల్ మీద "100–240 వోల్టులు" అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే చాలు.

115/230 అని చిన్న సెలెక్టర్ స్విచ్ ఉంటే, పవర్ కేబుల్ పీకేసి ఉన్నప్పుడే దాన్ని 230 వైపు జరపండి. ఫ్యూజ్ విలువ కూడా మార్చాలని లేబుల్ పక్కన రాసి ఉంటుంది, చూడండి.

"120 వోల్టులు" అని మాత్రమే ఉంటే నేరుగా పెట్టారో, ఫ్యూజ్ పోవడం చిన్న నష్టం, లోపలి సప్లై కాలిపోవడం పెద్ద నష్టం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. రెండు మానిటర్ల వాట్లు కలిపి, దానికి కనీసం రెట్టింపు కెపాసిటీ ఉన్నది తీసుకోండి. ఎర్త్ పిన్ను అవతలి వైపుకు కూడా వెళ్లేదై ఉండాలి. లేబుల్ మీద 60 హెర్ట్జ్ మాత్రమే రాసి ఉంటే, మన 50 హెర్ట్జ్ మీద లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కే అవకాశం ఉంది. అలాంటివి ఇక్కడికి తెప్పించుకోకపోవడమే మంచిది.

తర్వాత ఎర్త్. ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? పాడేటప్పుడు మైకుకు పెదవి తగిలితే చురుక్కుమంటోందా? అయితే మీ సాకెట్‌లో ఎర్త్ లేకపోవచ్చు, లేదా ఎక్కడో తెగి ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో చూపించండి. ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య దాదాపు ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య ఉన్నంత వోల్టేజ్ రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. పదుల్లో వస్తే ముందు అది బాగు చేయించి, ఆ తర్వాతే మానిటర్ల పని.

హమ్ (స్పీకర్లలో ఆగకుండా వచ్చే గుంయ్‌మనే శబ్దం) వస్తోందని మానిటర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల వైరు ఊడి బాడీకి తగిలిన రోజున ఫ్యూజ్ ఎగరాల్సింది పోయి మీకు షాక్ కొడుతుంది. హమ్‌కు సరైన మందు 7వ మెట్టులో ఉంది.

ఇన్వర్టర్ మీద పని చేసేవాళ్లు అది ప్యూర్ సైన్ వేవ్ రకమేనా చూసుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద చాలా మానిటర్లు బర్రుమంటాయి, సప్లై కూడా వేడెక్కుతుంది.

2. ఏ గోడ వైపు తిరిగి కూర్చోవాలి

మానిటర్లు గది పొడవు దిశలో మోగాలి. అంటే మన ఉదాహరణలో టేబుల్ 10 అడుగుల గోడ వైపు పెట్టి, మీ వీపు వెనక ఎక్కువ ఖాళీ ఉండేలా కూర్చోవాలి. గది వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఉండండి. ఎడమ మానిటర్ నుంచి ఎడమ గోడకు, కుడి మానిటర్ నుంచి కుడి గోడకు ఉన్న దూరం ఒకటే కావాలి. ఒక పక్క గోడ, ఇంకో పక్క తెరిచిన తలుపు ఉంటే రెండు వైపులా బాస్ ఒకలా రాదు. పని చేసేటప్పుడు తలుపు మూసెయ్యండి.

బీరువా విషయం వేరు. నైరుతి మూల నుంచి దాన్ని కదపడానికి చాలా ఇళ్లలో ఒప్పుకోరు. ఫర్వాలేదు, అది మీ వెనక మూలలోకి వచ్చేలా టేబుల్ గోడను ఎంచుకోండి. మానిటర్ పక్కనే బీరువా ఉండటం మాత్రం వద్దు. ఆ రేకు నున్నటి గోడలా శబ్దాన్ని తిప్పికొడుతుంది, పైగా బాస్‌కు గలగలలాడుతుంది.

3. కూర్చునే చోటు గుర్తు పెట్టండి

గదికి నట్టనడుమ కూర్చోకూడదు, వెనక గోడకు ఆనుకునీ కూర్చోకూడదు. నట్టనడుమ కొన్ని బాస్ నోట్లు మాయమవుతాయి, వెనక గోడ దగ్గర అవే నోట్లు ఉబ్బిపోతాయి. మొదలుపెట్టడానికి మంచి చోటు, ముందు గోడ నుంచి గది పొడవులో 38 శాతం. 366లో 38 శాతం అంటే 139 సెం.మీ. వెడల్పులో మధ్య, అంటే పక్క గోడ నుంచి 152 సెం.మీ. ఆ రెండూ కలిసే చోట నేల మీద మాస్కింగ్ టేపుతో ఇంటూ మార్కు వేయండి. కుర్చీలో కూర్చుంటే మీ తల ఆ మార్కుకు పైన ఉండాలి.

38 శాతం అనేది శిలాశాసనం కాదు. వినే పరీక్షల దగ్గరకు వచ్చేసరికి ముందుకో వెనక్కో ఒక అడుగు లోపు జరపాల్సి రావచ్చు.

4. త్రిభుజం గీయండి

రెండు మానిటర్లు, మీ తల కలిసి సమబాహు త్రిభుజం కావాలి. మూడు భుజాలూ ఒకటే పొడవు. కొలిచేది ట్వీటర్ (పైస్థాయి శబ్దాలు వినిపించే చిన్న స్పీకర్) మధ్య నుంచి.

మన గదిలో భుజం 110 సెం.మీ. పెట్టుకుందాం. ముందు గోడ నుంచి మానిటర్ ముఖానికి 40 సెం.మీ. ఈ త్రిభుజం ఎత్తు సుమారు 95 సెం.మీ. కాబట్టి తల 135 సెం.మీ. దగ్గరకు వస్తుంది. ఇందాక గుర్తు పెట్టింది 139. నాలుగు సెంటీమీటర్ల తేడాతో పోయేదేం లేదు. ఒక్కో మానిటర్ నుంచి పక్క గోడకు సుమారు 97 సెం.మీ. మిగులుతుంది. అన్నీ కుదిరాయి.

పురికొస ఇక్కడ పనికొస్తుంది. 110 సెం.మీ. దగ్గర ముడి వేసి, ఒక కొస ట్వీటర్ దగ్గర పట్టుకుని ముడిని తల ఉండే చోటుకు లాగండి. రెండో మానిటర్‌కూ అలాగే చేయండి. రెండు ముడులూ ఒకే చోట కలవాలి. ఒక సెంటీమీటరు తేడాను కూడా వదలకండి. గొంతు మధ్యలో నిలబడుతుందా, పక్కకు జరుగుతుందా అనేది ఈ కొలత మీదే ఆధారపడి ఉంటుంది.

తర్వాత మానిటర్లను లోపలికి తిప్పండి. రెండు ట్వీటర్ల చూపు మీ తలకు ఓ జానెడు వెనక కలిసేట్టు ఉంటే చాలు. మీరు కూర్చుని చూస్తే మానిటర్ పక్క చెక్కలు దాదాపు కనబడకూడదు.

గోడ నుంచి 40 సెం.మీ. ఎందుకన్నానో చెబుతాను, ఎందుకంటే దీని మీద చాలా వాదనలు వింటుంటాం. బాస్ మానిటర్ వెనక్కి కూడా పోతుంది, గోడకు తగిలి తిరిగొస్తుంది. నేరుగా వచ్చినదానికి ఇది ఎదురై ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మానిటర్ ముఖం గోడకు 1 మీటరు దూరంలో ఉంటే ఆ గుంట 86 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. కిక్ డ్రమ్, బాస్ గిటార్ ఉండే చోటే అది. 40 సెం.మీ. అయితే గుంట 215 హెర్ట్జ్ దగ్గరకు పోతుంది. అక్కడ నాలుగంగుళాల రాక్‌వూల్ (రాతి నారతో చేసే పలక) ప్యానెల్‌తో దాన్ని చాలావరకు అదుపు చేయొచ్చు, 86 దగ్గర చేయలేం. "గోడకు ఎంత దూరం జరిపితే అంత మంచిది" అన్న సలహా పెద్ద హాలుకు చెల్లుతుంది, పడకగదికి కాదు.

మరీ దగ్గర కూడా వద్దు. వెనక పోర్టు, అంటే గాలి వచ్చే గుండ్రటి రంధ్రం ఉన్న మానిటర్ అయితే దాని వెనక కనీసం 15 సెం.మీ. వదలండి. వెనక ఉండే యాంప్ వేడి పోవడానికీ ఆ ఖాళీ కావాలి. కర్టెన్ వెనక పక్క మీద పడి కప్పేయకుండా చూసుకోండి.

5. ఎత్తు

కుర్చీలో మీరు మామూలుగా ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోండి, నిటారుగా బిగుసుకుని కాదు. నేల నుంచి చెవి రంధ్రం దాకా కొలిపించండి. ట్వీటర్ ఆ ఎత్తులో ఉండాలి. చెవి 115 సెం.మీ. దగ్గర ఉండి, మానిటర్ అడుగు నుంచి ట్వీటర్ మధ్యకు 20 సెం.మీ. ఉంటే, స్టాండ్ ఎత్తు 95 సెం.మీ. అన్నమాట.

మానిటర్లను నిలువుగానే పెట్టండి. పెద్ద స్టూడియోల ఫొటోల్లో అడ్డంగా పడుకోబెట్టినవి చూసి కొందరు అలా చేస్తారు. అలా చేస్తే తల కాస్త పక్కకు తిప్పినా ఊఫర్, ట్వీటర్ దూరాలు మారిపోయి గొంతు రంగు మారుతుంది. మాన్యువల్‌లో అడ్డంగా పెట్టొచ్చని రాసి ఉంటే తప్ప వద్దు.

6. దేని మీద పెట్టాలి

స్టాండ్ మీద, టేబుల్‌కు తగలకుండా పెట్టడం అన్నిటికన్నా మంచిది. రెడీమేడ్ స్టాండ్లు ఖరీదనిపిస్తే మీ ఊరి వెల్డింగ్ షాపులో చేయించుకోండి. అడుగు పలక 14 అంగుళాల చదరం, 6 మిల్లీమీటర్ల మందం. ఒక్కోటి ఆరు కిలోల దాకా తూగుతుంది. మధ్యలో 3 అంగుళాల పైపు. పై పలక మానిటర్ అడుగుకన్నా కొంచెం చిన్నది. పైపులో ఎండబెట్టి జల్లించిన ఇసుక పోయిస్తే ఇంకో ఆరు కిలోలు కలుస్తుంది, పైపు మోత కూడా పోతుంది. తడి ఇసుక పోస్తే లోపల తుప్పు పడుతుంది. అడుగున నాలుగు మూలలా బోల్టు పెట్టించుకుంటే టైల్స్ ఎగుడుదిగుడుగా ఉన్నా రసమట్టం చూసి సర్దుకోవచ్చు. పై పలక మీద పలుచని రబ్బరు షీటు వేయడం మరవకండి. ఊఫర్ అదురుకు మానిటర్ రోజుకు కాస్త చొప్పున జరిగి, ఒకరోజు అంచుకు వచ్చేస్తుంది.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇంకో జాగ్రత్త. ఐదు కిలోల పెట్టె మీటరు ఎత్తు నుంచి పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వెడల్పాటి నైలాన్ పట్టీతో మానిటర్‌ను పై పలకకు కట్టేయండి, ట్వీటర్‌కు అడ్డం రాకుండా. కేబుళ్లు వేలాడదీయకండి. పిల్లలు ముందు లాగేది వాటినే. చాలా మానిటర్లకు ముందు జాలీ ఉండదు కాబట్టి ట్వీటర్ డోమ్ వాళ్ల వేలికి అందుతుంది. ఒకసారి నొక్కుకుపోతే అంతే, దాన్ని మార్చాలి.

టేబుల్ మీద తప్పనిసరి అయితే మానిటర్లను టేబుల్ వెనక అంచుకు కాకుండా ముందు అంచు వైపు జరపండి. కింద మందపాటి ఫోమ్ ప్యాడ్ పెట్టి, ట్వీటర్ చెవిని చూసేలా పైకి వంచండి. కంప్యూటర్ స్క్రీన్ మానిటర్ ముఖానికి అడ్డం రాకూడదు. గ్రానైట్ పలక టేబుల్ అయితే పైన మందపాటి గుడ్డ పరిచినా పెద్ద ఉపయోగం ఉండదు, వీలైనంత త్వరగా స్టాండ్లకు మారండి.

గోడ బ్రాకెట్ మూడో దారి. దీనికి షరతులు చాలా ఉన్నాయి. మానిటర్ వెనక కంపెనీ ఇచ్చిన మరలు దిగే రంధ్రాలు ఉంటేనే బ్రాకెట్ వాడాలి. కేబినెట్ చెక్కకు మీరే స్క్రూలు దింపకూడదు. అలా చేస్తే పట్టు ఉండదు, వారంటీ పోతుంది. బ్రాకెట్ మోసే బరువు మానిటర్ బరువుకు కనీసం నాలుగింతలు ఉండాలి. డ్రిల్ పెట్టేముందు స్విచ్‌బోర్డు ఎక్కడుందో చూడండి. దాని నిలువు గీతలో, పైన సీలింగ్ దాకా గోడలో వైర్లు ఉంటాయి. గోడకు అవతల బాత్‌రూమ్ ఉంటే నీళ్ల పైపులు ఉంటాయి. గోడ రకం డ్రిల్ పొడే చెబుతుంది. ఎర్రటి పొడి వస్తే మట్టి ఇటుక, మంచి ఫాస్టెనర్లు పట్టుకుంటాయి. ప్లాస్టరింగ్ దాటగానే బలం పెట్టకుండా బిట్ దిగిపోయి మెత్తటి పిండిలా రాలితే అది తేలిక బ్లాకు, ఏఏసీ. కొత్త అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా అదే. దానికి మామూలు ప్లాస్టిక్ ప్లగ్‌లు కొన్నాళ్లకు ఊడి వస్తాయి, ఏఏసీ కోసమే చేసే యాంకర్లు అడిగి తెచ్చుకోండి. ఏదైనా సరే, మానిటర్ నుంచి గోడలోని వేరే కొక్కానికి ఒక సన్నటి స్టీలు తాడు కట్టండి. బ్రాకెట్ జారినా మానిటర్ తల మీద పడదు.

7. కేబుళ్లు

ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ చార్జర్, రెండు మానిటర్లు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. వేర్వేరు గోడల సాకెట్లకు పెడితే హమ్‌కు మీరే దారి వేసినట్టు. సిగ్నల్ కేబుల్ ఒక పక్క నుంచి, పవర్ కార్డు ఇంకో పక్క నుంచి రావాలి. రెండూ ఎదురుపడితే అడ్డంగా దాటించండి, జంటగా పాకనివ్వకండి.

రెండు కొసలా బ్యాలెన్స్‌డ్ కేబులే వాడండి. టీఆర్ఎస్ జాక్‌కు రెండు నల్ల గీతలు ఉంటాయి, గిటార్ కేబుల్‌కు ఒకటే. గిటార్ కేబుల్ పెట్టినా శబ్దం వస్తుంది గానీ, దారిలో ఉన్న రొదంతా దానితోనే వస్తుంది.

ఇక్కడ జరిగే ఒక వింత పొరపాటు చెప్పాలి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి స్టీరియో కేబుల్ తీసి నేరుగా ఒక మానిటర్ టీఆర్ఎస్ ఇన్‌పుట్‌లో పెడతారు. పాట మోగుతుంది, గాయకుడి గొంతు మాత్రం ఉండదు. మానిటర్ పాడైందని షాపుకు తీసుకెళ్తారు. అసలు సంగతి, బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఒక తీగ సిగ్నల్ నుంచి రెండోదాన్ని తీసేసి మిగిలినదాన్ని వినిపిస్తుంది. ఎడమ, కుడి రెండింట్లోనూ సమానంగా ఉన్న గొంతు అలా సున్నా అయిపోతుంది. స్టీరియో సాకెట్ నుంచి తీయాల్సి వస్తే రెండుగా చీలే కేబుల్ వాడి, ఒక్కో కొమ్మను ఒక్కో మానిటర్‌కు ఇవ్వండి.

కేబుల్ మీరే సోల్డర్ చేసుకుంటే: ఎక్స్‌ఎల్ఆర్‌లో 1 షీల్డ్, 2 హాట్, 3 కోల్డ్. టీఆర్ఎస్‌లో కొస హాట్, మధ్య రింగు కోల్డ్, మిగిలిన బారు షీల్డ్. ఒక కేబుల్‌లో 2, 3 తారుమారైతే రెండు మానిటర్లు ఎదురెదురుగా కొట్టుకుని బాస్ పోతుంది.

అన్నీ ఒకే బోర్డు మీద, బ్యాలెన్స్‌డ్ కేబుళ్లతో ఉన్నా హమ్ పోకపోతే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే దారి దొరికినట్టే. ఇంటర్‌ఫేస్‌కు మానిటర్‌కు మధ్య లైన్ ఐసోలేటర్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోండి. ఫ్యాన్ రెగ్యులేటర్ తిప్పినప్పుడల్లా రొద మారితే దోషం రెగ్యులేటర్‌ది. పాత డిమ్మర్ రకం తీసేసి స్టెప్ రకం వేయించండి.

8. మొదటిసారి ఆన్ చేయడం

మానిటర్ల వెనక వాల్యూమ్, ఇంటర్‌ఫేస్ వాల్యూమ్ రెండూ తగ్గించండి. ముందు కంప్యూటర్, తర్వాత ఇంటర్‌ఫేస్, ఆఖరున మానిటర్లు ఆన్ చేయాలి. ఆపేటప్పుడు తిరగేసి, ముందు మానిటర్లు ఆపాలి.

కరెంటు పోయినప్పుడు వెంటనే మానిటర్ల స్విచ్ ఆపేయడం అలవాటు చేసుకోండి. కరెంటు వచ్చిన క్షణాన మానిటర్లు, ఇంటర్‌ఫేస్ ఒకేసారి లేస్తే స్పీకర్లు ఢమ్మని తంతాయి. ఆ దెబ్బకు ఊఫర్లు పాడవ్వొచ్చు.

9. రెండింటి లెవెల్ సమానం చేయండి

ఫ్యాన్, ఏసీ ఆపేయండి. మీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పింక్ నాయిజ్ (అన్ని స్థాయిలూ కలిసిన జలపాతంలాంటి హోరు), సగటు లెవెల్ మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర పెట్టండి. ఫోన్‌ను తల ఉండే చోట, మైకు పైకి చూసేలా నిలబెట్టండి. యాప్‌లో సి వెయిటింగ్ (బాస్‌ను కూడా లెక్కలోకి తీసుకునే కొలత), స్లో (అంకె నెమ్మదిగా మారే రకం) ఎంచుకోండి. ఎడమది ఒక్కటే మోగించి వెనక నాబ్‌తో 74 డెసిబెల్స్‌కు తెండి. దాన్ని ఆపి కుడిదాన్ని కూడా అదే అంకెకు తెండి. అర డెసిబెల్ లోపు తేడా ఉంటే సరే. ఫోన్ అంకె అచ్చంగా నిజం కాకపోవచ్చు, కానీ రెండింటినీ ఒకే ఫోన్‌తో పోలుస్తున్నాం కాబట్టి మన పనికి చాలు. అప్పుడు ఇంటర్‌ఫేస్ నాబ్ ఎక్కడుందో అక్కడ టేపుతో గుర్తు పెట్టండి. మిక్స్ చేసేటప్పుడల్లా అక్కడికే రండి.

చిన్న గదిలో ఇంతకన్నా గట్టిగా గంటల తరబడి వినాల్సిన పని లేదు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు హద్దు, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంటే. చెవులు పోతే మార్చుకోవడానికి వేరే జత లేదు.

10. వెనక స్విచ్‌లు

గోడ దగ్గరున్న మానిటర్‌లో బాస్ సహజంగానే పెరుగుతుంది. దాన్ని తగ్గించడానికే వెనక స్విచ్ ఇస్తారు. ఉదాహరణకు యమహా హెచ్‌ఎస్ సిరీస్‌లో రూమ్ కంట్రోల్ 0, మైనస్ 2, మైనస్ 4 అని ఉంటుంది, 500 హెర్ట్జ్ కింద పని చేస్తుంది. మన 40 సెం.మీ. అమరికకు మైనస్ 2తో మొదలుపెట్టండి. మూలలోకి పోక తప్పకపోతే మైనస్ 4. పైస్థాయి శబ్దాలను మార్చే హై ట్రిమ్ జోలికి ఇప్పుడే పోవద్దు.

11. అద్దం పట్టండి

మీరు కుర్చీలో కూర్చోండి. సాయానికి వచ్చినవాళ్లు పక్క గోడ మీద చెవి ఎత్తులో అద్దం ఆనించి మెల్లగా జరపాలి. అద్దంలో ట్వీటర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ గోడ మీద గుర్తు. రెండు పక్క గోడలూ, వీలైతే సీలింగూ చూడండి. ఆ చోట్ల ప్యానెళ్లు రావాలి. 4×2 అడుగుల చెక్క ఫ్రేమ్, నాలుగంగుళాల రాక్‌వూల్, ఊదితే గాలి అవతలికి పోయే పలుచని గుడ్డ. రాక్‌వూల్ పట్టుకునేటప్పుడు గ్లౌజులు, మాస్కు, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి.

ఇప్పుడే డబ్బు లేకపోతే వెనక మూలల్లో దూది పరుపు చుట్టి నిలబెట్టండి, పక్క గోడలకు మందపాటి బొంతలు గోడకు నాలుగంగుళాల ఎడంగా వేలాడదీయండి, మీకు మానిటర్లకు మధ్య నేల మీద దళసరి కార్పెట్ వేయండి. గుడ్ల ట్రేలు మాత్రం వద్దు. బాస్‌కు అవి లేనట్టే, నిప్పంటుకుంటే ఆగవు. ఒక అంగుళం ఫోమ్ గది నిండా అంటించడం కూడా అంతే దండగ. పైస్థాయి శబ్దాలు చచ్చి, బాస్ అలాగే ఉండి, గది ముసుగు వేసినట్టు వినబడుతుంది.

సరిగ్గా కుదిరిందా లేదా

ముందు ఏ పాటా పెట్టకుండా వాల్యూమ్ టేపు గుర్తు దగ్గరికి తెచ్చి కూర్చోండి. సన్నటి హిస్ వినబడొచ్చు, హమ్ వినబడకూడదు.

మీ గొంతు మోనోలో రికార్డ్ చేసి వేయండి. రెండు మానిటర్లకు నడుమ, ఖాళీ చోటు నుంచి ఒక మనిషి మాట్లాడుతున్నట్టు రావాలి. ఎడమకు లాగుతుంటే పురికొస మళ్లీ తీయండి. గొంతు ఎక్కడుందో తెలియకుండా గది అంతా పరుచుకుంటే ఒక కేబుల్‌లో తీగలు తారుమారయ్యాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక చానెల్ పోలారిటీ (ప్లస్, మైనస్) తిప్పి చూడండి. తిప్పాక బాస్ పెరిగి గొంతు మధ్యకు వస్తే అదే కారణం.

తర్వాత బాస్ నోట్ల నడక. ఒక సైన్ వేవ్ సింథ్ పెట్టి 55 హెర్ట్జ్ ఎ నుంచి రెండు ఆక్టేవ్‌లు, ఒక్కో మెట్టు చొప్పున, ఒకే బలంతో వాయించండి. లెవెల్ తక్కువగానే ఉంచండి. ఏ నోటు ఉబ్బుతోంది, ఏది పడిపోతోంది అని కాగితం మీద రాసుకోండి. 12 అడుగుల పొడవున్న గదిలో 47 (ఇది మన నడకకు కిందే ఉండిపోతుంది), 94 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పుకు, ఎత్తుకు 56 హెర్ట్జ్ దగ్గర తేడా వస్తుంది. అంటే ఎఫ్ షార్ప్, ఎ నోట్ల చుట్టుపక్కల. వెడల్పు, ఎత్తు రెండూ 10 అడుగులే అయితే 56 దగ్గర రెండు తేడాలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక నోటు బాగా పడిపోతే దాన్ని ఈక్వలైజర్‌తో లేపకండి. ఆ గుంట ఎంత పోసినా నిండదు, ఊఫర్ మీద భారం పెరుగుతుంది. కుర్చీని 10 సెం.మీ. చొప్పున ముందుకు, వెనక్కు జరిపి మళ్లీ వాయించండి. నోట్లన్నీ దగ్గర దగ్గరగా వినబడే చోటు దొరికాక మానిటర్లనూ అంతే జరపండి, త్రిభుజం చెడకుండా.

ఈ నడకలోనే గలగలలూ బయటపడతాయి. బీరువా తలుపు, కిటికీ గ్రిల్లు, అటక మీద స్టీలు సామాన్లు, గోడ గడియారం అద్దం. ఏ నోటుకు మోగుతుందో ఆ నోటు పట్టి ఉంచి, చేత్తో ఒక్కోదాన్ని నొక్కుతూ వెళ్లండి, ఆగిపోయినదే దొంగ. బీరువా తలుపుల మధ్య, సామాన్ల మధ్య గుడ్డ ముక్కలు దూర్చండి.

కొలిచి చూసుకోవాలనే ఆసక్తి ఉంటే రూమ్ ఈక్యూ విజర్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, కాలిబ్రేట్ చేసిన కొలత మైకు ఒకటి చాలు. గ్రాఫ్ మొదటిసారి చూస్తే టెన్షన్ వస్తుంది, కొండలూ లోయలూ కనిపిస్తాయి. ట్రీట్‌మెంట్ లేని ఏ గదిలోనైనా బాస్ అలాగే ఉంటుంది. ఎడమ, కుడి గీతలు ఒకదాన్నొకటి పోలి ఉన్నాయా అన్నది ముందు చూడండి.

ఆఖరున స్టాండ్‌ను భుజం ఎత్తు దగ్గర రెండు వేళ్లతో గట్టిగా తొయ్యండి. ఊగి నిలబడాలి, ఒరగకూడదు. ఒరిగితే అడుగు పలక మీద బరువు పెంచండి. ఈ పరీక్ష కాకుండా ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వకండి.

అన్నీ అయ్యాక బాగా తెలిసిన రెండు మూడు పాటలు, ముందు మీరు చేసిన ఒక మిక్స్ వినండి. అదే మిక్స్‌ను కారులో, ఫోన్‌లో కూడా వినండి. ఇంకా తేడా ఉంటే మార్చే వరుస ఇది: ముందు కుర్చీ, తర్వాత గోడకు మానిటర్ దూరం, తర్వాత వెనక స్విచ్, తర్వాత ప్యానెళ్లు. ఒకేసారి రెండు మార్చకండి, ఏది పని చేసిందో తెలియదు. నేల మీద స్టాండ్ల చుట్టూ, కుర్చీ చక్రాల దగ్గర టేపు గుర్తులు అలాగే ఉంచండి. ఇల్లు తుడిచినప్పుడు స్టాండ్ జరిగితే తిరిగి అక్కడికే తేవచ్చు.